పనికిరాని కోడికి పరిచర్య ఎందుకు?

 

ఈసారి మనం మాట్లాడుకునేది ఒక పెంపుడు కోడి గురించి. ఇదేందబ్బా, అష్టాంగ మార్గం గురించి చెప్తారనుకుంటే కోడి జబ్బు గురించి చెప్తున్నారే అని మీకు అనిపించొచ్చు. కొంచెం ఓపిక పట్టండి. ప్రాణిహింసకు దూరంగా ఉంటానన్న మొదటి శీలాన్ని మనం విహారంలో చేతులు జోడించి చెబుతాం. ఆ మాటకు పరీక్ష మాత్రం విహారంలో ఉండదు, ఇంటి పెరట్లో ఉంటుంది. యుద్ధాలు ఆపే అవకాశం మనలో ఎవరికీ రాకపోవచ్చు. కోడికి మేత తిత్తి ఉబ్బడం మాత్రం కోళ్ళు పెంచే ఏ ఇంట్లోనైనా ఒకరోజు జరిగేదే.

ఇట్ల అనుకోండి. మీ ఇల్లు అలిపిరి దగ్గర ఏదో ఒక వీధిలో ఉంది. ఇంట్లో ఒక పెట్ట ఉంది. రెండేండ్లు గుడ్లు పెట్టింది, రెండు మూడుసార్లు పిల్లల్ని లేపింది. మీ పాప దానికి పేరు కూడా పెట్టింది. రెండు దినాల నుంచి అది మేత ముట్టడం లేదు. ఒక మూల ముడుచుకుని కూచుంటోంది. మెడ కింద, రొమ్ముకు పైన, బత్తాయికాయంత ఉబ్బు కనిపిస్తోంది. అప్పుడు ఇంట్లో మూడు మాటలు వినిపిస్తాయి. "చచ్చేలోపల కోసెయ్యండి" అని ఒకరంటారు. "సంతలో అమ్మెయ్, ఎవరికి తెలుస్తుంది" అని ఇంకొకరంటారు. "దిష్టి తగిలింది, గంగమ్మకు మొక్కుకో" అని పక్కింటామె అంటుంది. "దానికి ఏమైందో చూద్దాం" అనే నాలుగో మాట అనేవాళ్ళు తక్కువ.

ఆ నాలుగో మాటే ధమ్మం చెప్పే మాట. ఎందుకో చూద్దాం.

పనికిరానివాడు

వినయపిటకం మహావగ్గంలో ఒక సంఘటన ఉంది. ఒక భిక్షువుకు విరేచనాల జబ్బు చేసింది. లేవలేక తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. ఆనందుడిని వెంటబెట్టుకుని భిక్షువుల వసతులు చూస్తూ వచ్చిన బుద్ధుడు అతన్ని చూశాడు. నీకు పరిచర్య చేసేవాళ్ళు ఎవరూ లేరా అని అడిగాడు. లేరన్నాడు ఆ భిక్షువు. ఎందుకు లేరని అడిగితే అతను చెప్పిన కారణం వినండి: తాను మిగతా భిక్షువులకు ఏ విధంగానూ ఉపయోగపడేవాడు కాదట, అందుకని వాళ్ళు పట్టించుకోవడం లేదట. బుద్ధుడు ఉపన్యాసం మొదలుపెట్టలేదు. ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మన్నాడు. తాను నీళ్ళు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. తలవైపు తాను, కాళ్ళవైపు ఆనందుడు పట్టుకుని లేపి మంచం మీద పడుకోబెట్టారు. ఆ తర్వాతే సంఘాన్ని పిలిచి, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి అని చెప్పాడు.

"పనికిరాడు" అనే మాట బరువు మనకంటే బాగా ఎవరికి తెలుసు? మన తాతలు చచ్చిన గొడ్డును మోసినన్ని దినాలు ఊరికి పనికొచ్చారు. అదే మనిషి జ్వరంతో పడుకుంటే గడప దాటి చూసినవాళ్ళు లేరు. మనిషి విలువను అతని పనితో కొలవడం, ఆ పనిని మళ్ళీ పుట్టుకతో కట్టెయ్యడం, ఇదే కులం. ఇప్పుడు అదే కొలబద్దను మనం చేతిలోకి తీసుకుని "గుడ్లు మానేసింది, ఇంకేం పని దానితో" అంటే ఏమైనట్టు? మనిషినీ కోడినీ ఒకటి చెయ్యడం లేదు. ఆ కొలబద్ద మనల్ని కొట్టిందే కదా, దాన్ని ఇంట్లో దాచిపెట్టుకోవడం ఎందుకని మాత్రమే అడుగుతున్నాం.

బాబాసాహెబ్ "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో కరుణ, మైత్రి అనే రెండింటికీ తేడా చెప్పాడు. కరుణ మనుషుల పట్ల ప్రేమ. బుద్ధుడు అక్కడితో ఆగలేదు, ప్రాణులన్నిటి పట్ల ప్రేమను, అంటే మైత్రిని బోధించాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో పదమూడోది కూడా ఇదే. ప్రాణులన్నిటి మీద దయ చూపడం ఒక్కటే కాదు, వాటిని రక్షిస్తాననే మాట కూడా అందులో ఉంది. దయ మనసులో ఉంటే చాలు. రక్షించాలంటే మాత్రం చేతులు కదలాలి, ఎట్ల రక్షించాలో తెలియాలి.

పరిచర్య చేసేవాడి ఐదు లక్షణాలు

ఆ సంఘటన చెప్పిన చోటే, రోగికి పరిచర్య చేసేవాడికి ఉండాల్సిన ఐదు లక్షణాలు కూడా ఉన్నాయి. మందు సిద్ధం చెయ్యగలగాలి. ఏది మంచిదో ఏది కాదో తెలిసి, మంచిది ఇచ్చి కానిది తీసెయ్యాలి. లాభం కోసం కాకుండా మైత్రితో చెయ్యాలి. మలమూత్రాలకు, వాంతికి అసహ్యపడకూడదు. సమయానికి ధమ్మం మాట చెప్పి ధైర్యం ఇవ్వగలగాలి. రెండున్నర వేల ఏండ్ల కిందటి ఈ ఐదింటినీ మన పెట్ట దగ్గరికి తీసుకొద్దాం.

మొదట తెలుసుకోవడం. కోడికి పళ్ళు లేవు. తిన్న గింజ ముందుగా మెడ అడుగున, కొంచెం కుడిపక్కగా ఉండే ఒక సంచిలోకి పోతుంది. అదే మేత తిత్తి, డాక్టర్లు క్రాప్ అంటారు. అక్కడ గింజ నాని మెత్తబడి, కొంచెం కొంచెంగా కిందికి దిగి, కందనకాయలో రాళ్ళ మధ్య నలుగుతుంది. సాయంత్రం గూట్లోకి పోయే కోడికి తిత్తి నిండుగా ఉంటుంది. తెల్లవారేసరికి ఖాళీ అయిపోవాలి. అందుకని కోడి తిత్తిని చూడాల్సింది పొద్దున, మేత వెయ్యకముందు. అప్పుడు కూడా నిండుగా ఉంటే ఏదో తేడా ఉన్నట్టే.

చేత్తో మెల్లగా తాకి చూడండి. గట్టిగా, పిండిముద్ద మాదిరి ఉంటే లోపల ఏదో అడ్డం పడింది. పొడుగాటి ఎండుగడ్డి, పీచు, దారం, ప్లాస్టిక్ ముక్కలు ఇట్ల ఉండలు కడతాయి. నీళ్ళు తక్కువైనా, నలగడానికి గరుకు ఇసుక, చిన్న రాళ్ళు దొరక్కపోయినా, ఆకలిగొన్న కోడి ఒక్కసారిగా ఎక్కువ తిన్నా ఈ బాధ రావచ్చు. గట్టిగా కాకుండా మెత్తగా నీళ్ళ సంచిలా ఉండి, నోట్లోంచి పులిసిన వాసన వస్తే అది వేరే జబ్బు. తిత్తి ఖాళీ కాక లోపలిది పులిసి, బూజు జాతి సూక్ష్మజీవి పెరిగిపోవడం. యాంటీబయాటిక్ మందులు ఎక్కువ దినాలు వాడిన కోళ్ళకు కూడా ఇది వస్తుంది. మూడోది, తిత్తి కండరం సడలిపోయి సంచి కిందికి వేలాడటం. ఇది ఒకసారి తగ్గినా మళ్ళీ మళ్ళీ వస్తుంది.

రెండోది, మంచిదీ కానిదీ. ఉబ్బు కనిపించిన వెంటనే ఆ కోడిని మిగతావాటి నుంచి వేరు చేసి నీడలో పెట్టండి. మంచినీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి. గింజలు ఒక పూట, మహా అయితే ఒక దినం ఆపండి. అంతకు మించి పస్తు పెట్టడం వైద్యం కాదు. తిత్తి గట్టిగా ఉంటే కొన్ని చుక్కల నూనె, ముక్కు పక్క నుంచి చుక్క చుక్కగా ఇచ్చి, వేళ్ళతో మెల్లగా కొన్ని నిమిషాలు రుద్దండి. దినానికి మూడు నాలుగుసార్లు చెయ్యొచ్చు. తిత్తి మెత్తగా నీళ్ళతో ఉంటే రుద్దొద్దు. లోపలి నీళ్ళు పైకి వచ్చి ఊపిరిగొట్టంలో పడతాయి.

ఇప్పుడు తీసెయ్యాల్సినవి. కోడిని తలకిందులుగా పట్టుకుని తిత్తి పిండి కక్కించడం చాలా చోట్ల చేస్తారు. చెయ్యకండి. కోడికి ఊపిరిగొట్టం నాలుక వెనకాలే తెరుచుకుని ఉంటుంది. కక్కినది అందులోకి పోతే మన చేతుల్లోనే ఊపిరాడక చచ్చిపోతుంది. బ్లేడుతో తిత్తి కోసి, సూది దారంతో కుట్టి, పసుపు అద్దేవాళ్ళు కూడా ఉన్నారు. తిత్తి కోసి అడ్డం తియ్యడం నిజంగానే ఉన్న ఆపరేషన్. కానీ నొప్పి తెలియకుండా మందిచ్చి, తిత్తి గోడను ఒక వరస, చర్మాన్ని ఇంకో వరస వేరువేరుగా కుట్టాలి. అది పశువైద్యుడి పని. మన ఇంట్లో పిల్లోళ్ళకు మిగిలిన మాత్రలు, సిరప్‌లు కోడికి పొయ్యొద్దు. మందు వాడిన కోడి గుడ్లు ఎన్ని దినాలు తినకూడదో డాక్టరునే అడగండి.

ఒక దినంలో తిత్తి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. తిత్తి ఉబ్బు ఒక్కోసారి జబ్బు కాదు, ఇంకో జబ్బుకు గుర్తు మాత్రమే. కడుపులో పురుగులు, కందనకాయలో అడ్డం, మందు కలిపిన విత్తనాలు తినడం, ఇవన్నీ కారణం కావచ్చు. ఆకుపచ్చ విరేచనం, మెడ తిరగడం, నోరు తెరిచి ఊపిరి తియ్యడం కూడా ఉంటే అది కొక్కెర తెగులు, అంటే రానిఖెత్ అయ్యే ప్రమాదం ఉంది. దానికి మందు లేదు, ముందుగా వేయించే టీకానే ఉంది. కోళ్ళు వరసగా చచ్చిపోతుంటే ముట్టుకోకుండా వెంటనే పశువైద్య సిబ్బందికి చెప్పాలి. 2024 ఫిబ్రవరిలో పక్కనే ఉన్న నెల్లూరు జిల్లాలో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి గుర్తుంచుకోండి. మనకు వైద్యం దూరం కూడా కాదు. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. 2005 నుంచి పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది. అక్కడికి పోయి "కోడికా?" అని ఎవరైనా నవ్వితే నవ్వనీండి. చదువుకోవడానికి మొదటిసారి బడికి పోయినప్పుడు మనవాళ్ళను చూసి నవ్వినవాళ్ళూ ఉన్నారు.

మూడోది, లాభం కోసం కాకుండా చెయ్యడం. అమ్మెయ్యమనే సలహా దగ్గర ఈ లక్షణం తేలిపోతుంది. జబ్బు కోడిని తిత్తి నిండింది చూడు, బాగా తిన్నదని చెప్పి అమ్మితే, కొన్న ఇంట్లో కూడా ఒక పేద తల్లే ఉంటుంది. పెరటి కోళ్ళు మన పల్లెల్లో ఆడవాళ్ళ సొంత డబ్బు. ఆమె నూరు నూరు దాచి కొన్న కోడి చచ్చిపోవడమే కాదు, అంటురోగమైతే ఆమె గంప కింది పిల్లలన్నీ పోతాయి. ఒక్క అమ్మకంలో ప్రాణం, దొంగతనం, అబద్ధం, మూడు శీలాలూ పోయినట్టే.

నాలుగోది, అసహ్యపడకపోవడం. పులిసిన వాసన, మురికి ఈకలు, పచ్చని రెట్ట. వేడినీళ్ళలో గుడ్డ ముంచి తుడవాలి, ఆ తర్వాత మన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఈ పనిని ఇంటి కోడలికో, ముసలమ్మకో వదిలెయ్యకుండా ధమ్మం గురించి ఎక్కువ మాట్లాడే మగవాళ్ళు చేస్తే మరీ మంచిది. బుద్ధుడు నీళ్ళు పోసింది తన చేత్తోనే గదా.

ఐదోది, ధమ్మం మాట. కోడికి మన మాట అర్థం కాదు. కానీ పక్కన మీ పాప నిలబడి చూస్తోంది. "మన కోడికి ఎందుకిట్లయింది నాన్నా?" అని అడుగుతుంది. దిష్టి అని చెప్తే ఆ బిడ్డ జీవితాంతం దిష్టిని నమ్ముతుంది. "కారణం లేకుండా ఏదీ రాదమ్మా, వెతుకుదాం పద" అంటే, పటిచ్చసముప్పాదం అనే పెద్ద మాట పలకకుండానే నేర్పించినట్టు. ఇద్దరూ కలిసి పెరడంతా చూడండి. పూలదండ నుంచి ఊడిన దారం, అరటినార, చిరిగిన ప్లాస్టిక్ కవరు, ఎండిన పొడుగు గడ్డి, ఏదో ఒకటి దొరుకుతుంది. గంగమ్మ జాతరకు ఇంకో కోడిని మొక్కుకుంటే ఈ కోడి తిత్తిలో దారం కరగదు. పైగా ఒక ప్రాణం కోసం ఇంకో ప్రాణం తీసినట్టవుతుంది.

కోడిని తినేవాళ్ళం గదా?

ఇక్కడ మీలో చాలామంది అడగాలనుకునే ప్రశ్న ఒకటుంది. ఆదివారం కోడికూర వండుకునే ఇంట్లో, పెరటి కోడికి మందు పొయ్యడం నాటకం కాదా?

ఇది నిజాయితీ ఉన్న ప్రశ్న. దీనికి బాబాసాహెబ్ ఆలోచనలోనే దారి ఉంది. బుద్ధుడి అహింస ఒక సూత్రమనీ, గుడ్డిగా పాటించే నియమం కాదనీ ఆయన వివరించాడు. నియమం మనిషిని కట్టేస్తుంది. సూత్రం ఆలోచించుకుని నడిచే స్వేచ్ఛ ఇస్తుంది. చంపాల్సిన అవసరం వేరు, చంపాలనే కోరిక వేరు అని తేడా చూపించాడు. కాబట్టి మాంసం తిన్నావా లేదా అన్న ఒక్క లెక్కతో మనిషి శీలాన్ని తేల్చే పద్ధతి మనది కాదు. ఆ లెక్కతోనే కదా మనల్ని తరాల తరబడి తక్కువ చేశారు.

అయితే ఈ స్వేచ్ఛను సాకుగా వాడుకోకూడదు. తినేవాడికి కూడా బాధ్యత ఉంది. బాధపడే ప్రాణిని బాధలో వదిలెయ్యడానికి ఏ అవసరమూ లేదు. దాన్ని కాళ్ళు కట్టి తలకిందులుగా బండికి వేలాడదీయడానికి అవసరం లేదు. మూలుగుతున్న కోడిని "రేపు చూద్దాంలే" అనడానికి అవసరం లేదు. అది బద్ధకం, అంతే. మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా జంతువును పెంచేవాడి మీద, దానికి అనవసరమైన బాధ కలగకుండా చూసే బాధ్యత పెట్టింది. తినడం మానేసినవాళ్ళు ఉంటే మంచిదే. మాననివాళ్ళు మొదలుపెట్టడానికి కూడా ఇక్కడ చోటు ఉంది.

"చచ్చేలోపల కోసెయ్యండి" అనే మాటకు ఇంకో జవాబు కూడా ఉంది. 1927 మార్చిలో మహాడ్ సభలో బాబాసాహెబ్ మనవాళ్ళను చచ్చిన పశువుల మాంసం మానెయ్యమన్నాడు. అది ఆరోగ్యం గురించి మాత్రమే కాదు, ఆత్మగౌరవం గురించి. ఏ జబ్బో తెలియని కోడిని పారేస్తే వృథా అవుతుందని ఆదరాబాదరాగా కోసి బిడ్డలకు పెట్టడం, ఆ పాత అలవాటుకు మిగిలిన తోక. దాన్ని కూడా వదిలేద్దాం.

డాక్టరు చూసి, ఇది బతకదు, బతికినన్నాళ్ళూ బాధే అంటే? అప్పుడు బాధ లేకుండా, త్వరగా ప్రాణం పోయేలా డాక్టరు చేతుల్లో పెట్టడం కూడా మైత్రిలో భాగమే అని మేము అనుకుంటాం. అక్కడ ఉన్నది చంపాలనే కోరిక కాదు. కానీ ఆ నిర్ణయం చూసి, తాకి, తెలుసుకుని, చెయ్యగలిగింది చేసిన తర్వాత రావాలి. ఖర్చు అవుతుందన్న భయంతో ముందే రాకూడదు.

ఖర్చు గురించి కూడా దాచకుండా మాట్లాడుకుందాం. మనుషులకే మందుల్లేని ఇండ్లు మనలో ఉన్నాయి. కోడి కోసం అప్పు చెయ్యమని ధమ్మం చెప్పదు. మధ్యేమార్గం ఇక్కడ కూడా ఉంది. వేరు చెయ్యడానికి, నీళ్ళు పెట్టడానికి, పొద్దున్నే తాకి చూడటానికి, కారణం వెతకడానికి డబ్బు అక్కర్లేదు. నీ శక్తి ఎంతవరకో అంతవరకు చెయ్యి. శక్తి ఉన్నచోట మాత్రం "అది కోడే కదా" అనొద్దు.

ఎర్రగుడి బండ, అలిపిరి గేటు

మనుషులకు వైద్యం ముందా, జంతువులకు ముందా అనే తగువు కొత్తది కాదు. దానికి జవాబు మన రాయలసీమ బండ మీదే ఉంది. గుత్తి దగ్గర, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి ధర్మలిపి ఉంది. బౌద్ధాన్ని స్వీకరించిన ఆ చక్రవర్తి తన రెండో శిలాశాసనంలో రెండు రకాల వైద్యం ఏర్పాటు చేశానని చెప్పుకున్నాడు. ఒకటి మనుషులకు, ఇంకొకటి జంతువులకు. మందు మొక్కలు లేని చోట తెప్పించి నాటించాడు. ఒకటి పూర్తయ్యాక రెండోది అనలేదు. రెండూ పక్కపక్కనే. స్తంభం మీద చెక్కించిన అయిదో శాసనంలో అయితే కోడిపుంజుల విత్తులు కొట్టరాదని కూడా ఉంది. అంత పెద్ద రాజ్యం ఏలినవాడికి ఒక పుంజు నొప్పి చిన్న విషయంగా కనబడలేదు.

ఇక మన అలిపిరి. కొండకు పోయేవాళ్ళ సంచులు ఇక్కడ తనిఖీ చేస్తారు. మాంసం, మందు, సిగరెట్లు పైకి పోనివ్వరు. ఎవరి నమ్మకం వాళ్ళది, దాని జోలికి మనం పోవడం లేదు. కానీ సంచిలో మాంసం లేకపోవడం శుద్ధి అనిపించుకోవచ్చు గానీ, మైత్రి అనిపించుకోదు. మైత్రిని తనిఖీ చేసే గేటు ఎక్కడా లేదు. మన పెరట్లోకి ప్లాస్టిక్ రాకుండా ఆపేదీ మనమే, మన కోడి బాధను చూసేదీ మనమే.

కాబట్టి బంధువులారా, ఈ చిన్న పుస్తకం చదివి పక్కన పెట్టెయ్యకండి. ఈ రాత్రి కోళ్ళను గూట్లో మూసేటప్పుడు ఒక్కొక్కదాని తిత్తి చేత్తో తాకి చూడండి. తెల్లారి మేత వెయ్యకముందు మళ్ళీ చూడండి. పక్కన మీ బిడ్డల్ని కూచోబెట్టుకోండి. ఒక పళ్ళెంలో గరుకు ఇసుక, ఇంకో గిన్నెలో మంచినీళ్ళు పెట్టండి. దారాలు, కవర్లు ఏరి పారెయ్యండి. గుడ్లు పెట్టే కోడిని చూసినట్టే గుడ్లు మానిన ముసలి పెట్టను కూడా చూడండి. పనికిరానివాళ్ళని మన పెద్దల్ని ఊరు బయట ఉంచినవాళ్ళకు మనం చెప్పే జవాబుల్లో ఇది కూడా ఒకటి.

జై భీమ్! నమో బుద్ధాయ!